ఆరడుగుల ట్యాంకును విప్పి మళ్లీ కట్టాలంటే రెండు రోజులు చాలవు

మీ ప్రశ్నను ఒకసారి కుదించి చెప్పుకుంటాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పన్నెండేళ్ల నాటి అద్దాల చేపల ట్యాంకు. వెనక కుడి మూల అడుగున చెమ్మ కనబడుతోంది. కింద పార్టికల్ బోర్డు క్యాబినెట్ ఉబ్బిపోయింది, ఒక తలుపు పట్టేస్తోంది. లోపల రెండు ఆస్కార్లు, ఒక పెద్ద ప్లెకో, ఏడు సిల్వర్ డాలర్లు, ఇవీ చేపలు. రెండు రోజుల సెలవుల్లో లోపలి మూలలకు కొత్త సిలికాన్ జిగురు పూసి, కింద కొత్త క్యాబినెట్ పెట్టి, రెండో రోజు సాయంత్రానికి చేపల్ని తిరిగి వదిలేయొచ్చా అని అడిగారు. క్యాబినెట్ చెక్కతో చేయించాలా, ఇనుముతోనా అన్నది రెండో ప్రశ్న. పాత చెక్క తలుపులు వాడుకోవచ్చా అన్నది మూడోది.

సూటిగా చెప్పాలంటే: రెండు రోజుల్లో అవదు. మూడు వారాలు పెట్టుకోండి. అందులో మీరు చెమటోడ్చేది ఐదారు రోజులే. మిగతాదంతా సిలికాన్ ఆరడానికీ, చెక్కకు పూసే ఎపాక్సీ గట్టిపడటానికీ, నీళ్లు నింపి గమనించడానికీ పోతుంది. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ పూయడం దండగ. అద్దాలు చాలావరకు పనికొస్తాయి. క్యాబినెట్‌లో తలుపులు తప్ప ఏదీ మిగుల్చుకోకండి. కొత్తదానికి ఇనుప చట్రం, దాని చుట్టూ ప్లైవుడ్ మేలు. అయితే అన్నిటికంటే ముందు మీరు సిద్ధం చేయాల్సింది ట్యాంకూ కాదు, క్యాబినెట్టూ కాదు. ఆ మూడు వారాలు చేపలు ఉండబోయే తాత్కాలిక తొట్లు.

దీన్ని ముందుకు తేవడానికి కారణం ఉంది. ఈ పని చెడిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను, నావే రెండు ఉన్నాయి. అన్నిటిలోనూ మూలం ఒక్కటే. చేపలు బకెట్లలో రొప్పుతుంటాయి, చూసేవాడికి గుండె ఆగదు. వారం ఆరాల్సిన సిలికాన్‌ను రెండో రోజే నీళ్లలో ముంచుతాడు, రెండు పూతలు పడాల్సిన చోట ఒకటితో సరిపెడతాడు. చేపలు హాయిగా ఉంటే మీకు తొందర ఉండదు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, సిలికాన్ దగ్గర ఆ సామెత తిరగబడుతుంది.

ముందు, అది నిజంగా లీకేనా?

ట్యాంకు విప్పే ముందు ఒక్క రోజు దీనికి ఇవ్వండి. వెనక మూలలో చెమ్మ ఉంటే అది అతుకు నుంచే రావాలని లేదు. ఫిల్టర్ గొట్టం మీద నుంచి చుక్కలు జారుతుండొచ్చు. మూత కింద పట్టిన ఆవిరి అద్దం వెనకగా దిగుతుండొచ్చు. గాలి గొట్టం వెంబడి నీరు పాకుతూ రావచ్చు. మూల అంతా పొడిగుడ్డతో తుడిచి, పై అంచు నుంచి అడుగు దాకా టిష్యూ కాగితాన్ని మూడు నాలుగు చోట్ల టేపుతో అంటించండి. పై కాగితం ముందు తడిస్తే నీరు పైనుంచి దిగుతోంది, అడుగుది మాత్రమే తడిస్తే అతుకును అనుమానించాలి. అతుకు వెంట తెల్లగా ఉప్పులాంటి పొర కట్టి ఉంటే మాత్రం లీకు ఈనాటిది కాదు, ఎప్పటినుంచో సన్నగా చెమరుస్తోందని అర్థం.

పన్నెండేళ్ల ట్యాంకు, కింద చెక్క కూడా ఉబ్బింది కాబట్టి మీది అసలు లీకే కావచ్చు. అతుకును బయటి నుంచి, అద్దం అంచులోంచి చూడండి. రెండు అద్దాల మధ్య నల్లగానో తెల్లగానో కనిపించే సిలికాన్ పొరే ట్యాంకును నిలబెట్టేది. అందులో గాలి బుడగలు, పాలరంగు మచ్చలు, లోపలికి చొచ్చుకుపోయిన నాచు కనిపిస్తే ఆ పొర అద్దాన్ని వదిలేస్తోందన్నమాట. లోపలి మూలలో కనిపించే వంపు పూత దానికి కాపలా మాత్రమే, భారం మోసేది కాదు. మీరు పూయాలనుకుంటున్నది ఆ కాపలా పూత.

నా మొదటి మరమ్మతులో నేను చేసిందీ అదే. పాత వంపు పూతను బ్లేడుతో పైపైన గీకి, దాని మీదే కొత్తది దట్టంగా లాగాను. చూడముచ్చటగా వచ్చింది. మూడో రోజు రాత్రి అదే మూల, అదే తడి. గట్టిపడిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ అతుక్కోదు. పైన పొరలా పడుకుంటుందంతే, గోటితో లాగితే తొక్కలా వచ్చేస్తుంది.

చేపల తాత్కాలిక నివాసం

మీ చేపలకు 300 లీటర్ల చొప్పున రెండు ప్లాస్టిక్ తొట్లు ఉంటే మూడు వారాలు గడిచిపోతాయి. ఒకదాంట్లో ఆస్కార్లు, ఇంకోదాంట్లో మిగతావి. రసాయనాలు నిల్వచేసిన డ్రమ్ములు వద్దు, తాగునీటికి వాడేవైతే నిశ్చింత. రెండిటికీ మూత ఉండాలి, మూత మీద బరువు ఉండాలి. కొత్తచోట ఆస్కారు మొదటి రాత్రే ఎగిరి చూస్తుంది. హీటరు వాడుతుంటే దానికి ప్లాస్టిక్ తొడుగు వేయండి. తోకతో ఒక్కటి కొట్టి గాజు పగలగొట్టిన ఆస్కార్లు ఉన్నాయి.

ఇప్పుడున్న ఫిల్టరును తీసి నేరుగా ఆ తొట్టికే తగిలించండి. మధ్యలో శుభ్రం చేయొద్దు. ట్యాంకు అంటే అద్దాలూ నీళ్లూ కాదు, ఫిల్టరులోని స్పాంజి మీదా రింగుల మీదా బతుకుతున్న బాక్టీరియా. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. నైట్రైట్‌ను మార్చే పని నైట్రోబాక్టర్‌దే అని చాలాకాలం అనుకున్నారు. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా కోవకు చెందినవని 1998లో తేలింది. పేరు ఏదైనా వాటికి కావాల్సింది ఆక్సిజన్ ఉన్న నీటి ప్రవాహం. వాటిని పోగొట్టుకుంటే మళ్లీ పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లలో తేలుతూ ఉండేవి చాలా తక్కువ, అందుకే పాత నీళ్లన్నీ దాచుకుని స్పాంజిని కుళాయి కింద కడిగేవాళ్లు ముఖ్యమైనదాన్నే పారబోస్తున్నారు. కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది.

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. ట్యాంకు పని జరుగుతున్నప్పుడు క్యానిస్టర్ ఫిల్టరును నీళ్లతో నింపి, మూత బిగించి పక్కన పెట్టాను. తడిగా ఉంటే చాలు కదా అనుకున్నాను. ఎనిమిది గంటల తర్వాత దాన్నే చేపలున్న తొట్టికి తగిలించి ఆన్ చేశాను. పది నిమిషాల్లో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. మూసిన డబ్బాలో ఆక్సిజన్ కొద్ది గంటల్లో అయిపోతుంది, లోపలివి చచ్చి కుళ్లడం మొదలవుతుంది. ఆ నీరంతా ఒక్కసారిగా చేపల మీద పడింది. ఫిల్టరును ఒక గంటకు మించి ఆపాల్సి వస్తే డబ్బా తెరిచి, మీడియాను, అంటే ఆ స్పాంజి, రింగులను, పాత నీళ్ల బకెట్‌లో వేసి, బుడగలు వదిలే గాలి రాయి పెట్టండి.

మార్చే ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపండి. కడుపు ఖాళీగా ఉంటే నీళ్లలో అమ్మోనియా తక్కువ చేరుతుంది. తొట్టిలో ఉన్నన్నాళ్లూ మేత సగానికి తగ్గించి, రోజూ అమ్మోనియా పరీక్ష చేయండి. పీహెచ్ కూడా చూడండి. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు రూపం అర శాతం చిల్లర. అదే పీహెచ్ 8 అయితే ఐదు శాతం పైమాటే. పరీక్షలో ఒకే అంకె వచ్చినా దెబ్బ దాదాపు పది రెట్లు తేడా. నేనైతే అమ్మోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాములు కనిపించగానే మూడో వంతు నీళ్లు మారుస్తాను, క్లోరిన్ తీసేసిన నీళ్లతో.

బరువు లెక్క

స్టాండు గురించి మాట్లాడేముందు మీరు దేన్ని మోయిస్తున్నారో చూడండి. మీ కొలతలకు లోపల సుమారు 650 లీటర్లు పడతాయి, అంటే 650 కిలోలు. 12 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. మీ ఐదు పలకలూ కలిపి నాలుగు చదరపు మీటర్ల పైచిలుకు, కాబట్టి ఖాళీ ట్యాంకే 120 కిలోల పైన. ఐదు సెంటీమీటర్ల మందాన ఇసుక వేస్తే అది ఇంకో 80, 90 కిలోలు. రాళ్లు, దుంగలు, స్టాండు, కింద సంపు (క్యాబినెట్ లోపల పెట్టే ఫిల్టరు తొట్టి) కూడా కలుపుకుంటే టన్ను దగ్గరికొస్తుంది. ఇళ్ల నేలలను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారం (మనుషులు, సామాను బరువు) దరిదాపుల్లో లెక్కగడతారు. మీ ట్యాంకు నిలబడేది ఒక చదరపు మీటరు చిల్లర మీద. అంటే వెంటనే కూలుతుందని కాదు, భారం చుట్టూ పంచుకుంటుంది. కానీ నేలమీద కాక పై అంతస్తులో ఉంటే, గోడకు ఆనించి, దూలం ఎటు పోతోందో తెలిసినవాళ్లకు చూపించే పెట్టాలి. పన్నెండేళ్లు అక్కడే ఉందిగా అనకండి. కొత్తగా సంపు పెడితే బరువు పెరుగుతోంది.

అద్దం మీద ఒత్తిడి వేరే సంగతి. అది నీటి ఎత్తును బట్టి ఉంటుంది, పొడవుతో, లీటర్లతో పనిలేదు. 55 సెంటీమీటర్ల నీరు మీ ముందు అద్దాన్ని మొత్తం మీద 275 కిలోల దాకా బయటికి తోస్తుంది. అందుకే పైన పొడవునా అద్దపు పట్టీలు, మధ్యలో అడ్డపట్టీ ఉండి తీరాలి. చూడటానికి బాగుండదని పట్టీలు తీసేసి కడదామనుకుంటే 12 మిల్లీమీటర్ల అద్దం చాలదు.

స్టాండు, క్యాబినెట్

ఇనుమా చెక్కా అంటే, నాలుగడుగుల లోపు ట్యాంకుకు ప్లైవుడ్ పెట్టె చాలు. ఆరడుగులకు నేను ఇనుప చట్రమే చేయిస్తాను. 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 2.5 లేదా 3 మిల్లీమీటర్ల మందం, ఆరు కాళ్లు. చెక్క పలకలు బయట అందానికి మాత్రమే, మరలతో తగిలించి ఎప్పుడంటే అప్పుడు ఊడదీసేలా. ఇలా చేస్తే పదేళ్ల తర్వాత పలక ఉబ్బినా ట్యాంకు ఖాళీ చేయకుండానే పలక మార్చుకోవచ్చు. ఇప్పుడు మీరు పడుతున్న అవస్థకు అసలు కారణం క్యాబినెట్టే స్టాండు కావడం.

చెక్కతోనే చేయిస్తానంటే అభ్యంతరం లేదు. ఒక్క సూత్రం వదలకండి: బరువు చెక్క మీంచి చెక్క మీదుగా నేలకు దిగాలి, మరల మీదుగా కాదు. పై చట్రం నిలువు పలకల నెత్తిన కూర్చోవాలి. పక్కల నుంచి మరలతో బిగించి వేలాడదీసిన చట్రాలు ఒక ఏడాది బాగానే ఉంటాయి, తర్వాత మరల చుట్టూ చెక్క నలుగుతుంది. వెనక పలకను పూర్తిగా తీసేయకండి, గొట్టాలకు కావాల్సినంతే కోయండి. స్టాండు పక్కకు ఒరగకుండా పట్టుకునేది అదే.

ఇనుప చట్రంలో వచ్చే చిక్కు వేరు. వెల్డింగ్ వేడికి గొట్టాలు లాగుతాయి, చట్రం మెలిపడుతుంది. మూలమట్టం పెట్టి చూస్తే అన్ని మూలలూ సరిగ్గానే ఉంటాయి, అయినా పై భాగం మెలితిరిగి ఉండొచ్చు. నాకు ఒకసారి నాలుగు మిల్లీమీటర్ల తేడాతో వచ్చింది. చేసినతను రంగు వేసి మరీ తెచ్చాడు, తిప్పి పంపడానికి మొహమాటపడ్డాను. తర్వాత నేనే రెండు రోజులు గ్రైండింగ్ చేసుకున్నాను. మీరు రంగు వేయకముందే వెళ్లి చూడండి. పై చట్రం నాలుగు మూలల నుంచి ఐమూలగా రెండు దారాలు బిగించి కట్టండి. మధ్యలో రెండు దారాలూ ఒకదాన్నొకటి అంటీ అంటనట్టు తాకాలి. పై దారం, కింది దారం మార్చి కూడా చూడండి. మధ్యలో సందు కనిపించినా, ఒకటి రెండోదాన్ని నొక్కినా మెలి ఉన్నట్టే. రసమట్టం ఈ మెలిని ఒక్కోసారి పట్టుకోదు, దారం పట్టుకుంటుంది.

చట్రం మీద 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దాని మీద అడుగు అద్దం నేరుగా కూర్చునే ట్యాంకు అయితే 10 మిల్లీమీటర్ల థర్మకోల్ లేదా ఫోమ్ షీటు. ఇది గరుకునూ చిన్న ఇసుక రేణువునూ మింగుతుంది, వంకర స్టాండును సరిచేయలేదు. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి అడుగు అద్దం గాల్లో ఉండే రకమైతే ఫోమ్ అవసరం లేదు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఎత్తు సరిచేసే చీలికలు స్టాండు కాళ్ల కింద పెట్టండి, ట్యాంకుకూ స్టాండుకూ మధ్య ఎప్పుడూ పెట్టకండి. కాళ్ల కింద అరచేయంత ఇనుప బిళ్లలు వేయించండి. లేకపోతే ఒక్కో కాలు నూట యాభై కిలోలకు పైగా భారాన్ని ఒకే టైలు మీద గుచ్చుతుంది.

ప్లైవుడ్‌ను పాడుచేసేది ట్యాంకు పగిలి వచ్చే వరద కాదు, రోజూ పడే పది చుక్కలు. పైకి కనిపించే ముఖానికి లామినేట్ వేసి అందరూ ఆగిపోతారు. నీరు తాగేది కోసిన అంచులు, మరల రంధ్రాలు, గొట్టాల కోసం చేసిన గుండ్రటి కోతలు. ప్రతి కోతకూ, అడుగు ముఖానికీ, మరల రంధ్రాల లోపలికీ ఎపాక్సీ రెండు పూతలు. క్యాబినెట్ అడుగు పలక చుట్టూ రెండు సెంటీమీటర్ల ఎత్తున బద్ద కొట్టి మూలలు మూసేస్తే అది పళ్లెంలా మారుతుంది, 20 లీటర్ల దాకా పట్టుకుంటుంది. ఫిల్టర్ గొట్టం ఊడిన రోజు ఆ పళ్లెం విలువ తెలుస్తుంది. ఇంకో మాట: చట్రం దగ్గర పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకండి, ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

సంపు పెట్టే ఆలోచన ఉంటే తలుపు వెడల్పు ఇప్పుడే కొలుచుకోండి. క్యాబినెట్ కట్టాక సంపు లోపలికి పట్టని ఇళ్లు నాకు మూడు తెలుసు. నడిమి కాలు ఊడదీసి దూర్చే వీలులేదు, పైన టన్ను బరువుంది. కరెంటు పోయినప్పుడు పై ట్యాంకు నుంచి ఎంత నీరు కిందికి దిగుతుందో కూడా లెక్కేయండి. మీ కొలతలకు ప్రతి రెండున్నర సెంటీమీటర్లకూ 28 లీటర్లు. నీరు తిరిగి పైకెక్కే గొట్టం మూతి పది సెంటీమీటర్లు మునిగి ఉంటే మోటారు ఆగగానే 110 లీటర్లు వెనక్కి లాగేస్తుంది. మూతిని నీటిమట్టానికి దగ్గరగా పెట్టి, మట్టానికి కాస్త కింద గొట్టానికి చిన్న రంధ్రం వేస్తే గాలి చొరబడి ప్రవాహం తెగుతుంది. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోతుంది, అప్పుడప్పుడు పుల్లతో పొడవాలి. అద్దానికి రంధ్రాలు చేయించేముందు అది టెంపర్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) కాదని తేల్చుకోండి, టెంపర్డ్ అయితే డ్రిల్లు తగలగానే పొడిపొడి అవుతుంది. ఫోన్ తెరను అద్దం వెనక తెల్లగా వెలిగించి, ఇటు నుంచి పోలరైజ్డ్ కళ్లద్దాలు తిప్పుతూ చూస్తే టెంపర్డ్ అద్దంలో చారలు, మచ్చలు కనిపిస్తాయి.

కరెంటు బోర్డు సంపు నెత్తిన కాకుండా పక్క గోడ పైభాగాన ఉండాలి. ప్రతి తీగా ప్లగ్గులోకి ఎక్కేముందు ఒకసారి కిందికి వేలాడాలి, అప్పుడు తీగ వెంట వచ్చిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కరెంటు లీకైతే 30 మిల్లీఆంపియర్ల దగ్గర తెగిపోయే బ్రేకర్ తప్పనిసరి. దీని దగ్గర డబ్బు ఆదా చేయాలని చూడొద్దు.

అద్దాలు విప్పడం, అతకడం

హీటరును నీళ్లు తీయడానికి పావుగంట ముందే ఆపండి, వేడిగా గాలికి తగిలితే చిట్లుతుంది. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేశాకే కదపండి. అడుగున అరచేతి లోతు నీరున్నా అటూ ఇటూ ఊగి అతుకులను చీలుస్తుంది. ఎత్తడానికి నలుగురు కావాలి.

అతుకుల్లోకి సన్నని ఉక్కు తీగ దూర్చి రంపంలా లాగితే పలకలు విడిపోతాయి. ఏ పలక ఎక్కడిదో, ఏది లోపలి ముఖమో ముందే గుర్తు పెట్టండి. గీతలు పడ్డ ముఖాన్ని బయటికి తిప్పుదామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. లోపలి గీతలను నీరు నింపేసి సగం దాచేస్తుంది, అవే బయట ఉంటే వెలుతురు పడి మెరుస్తాయి. అంచున లోతుగా పెచ్చు లేచిన పలకను మాత్రం మార్చేయండి.

పాత సిలికాన్‌ను కొత్త బ్లేడులతో గీకడమే, అడ్డదారి లేదు. అయిపోయిందనుకున్నాక అంచు మీద నీళ్లు చల్లండి. శుభ్రమైన అద్దం మీద నీరు పల్చగా పరుచుకుంటుంది, సిలికాన్ మిగిలిన చోట ముత్యాల్లా ముడుచుకుంటుంది. ముత్యాలు కనిపించినంతసేపూ గీకాలి. చివర అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత అంచును వేలితో ముట్టుకోకండి.

సిలికాన్ నూరుపాళ్లు సిలికానే అయి ఉండాలి, బూజు పట్టని మందు కలిపిన స్నానాలగది రకం కాదు. అక్వేరియంకు అని రాసి ఉన్నది తీసుకోండి. అడుగు పలక చదునుగా పరిచి, వెనక, ఒక పక్క, ముందు, రెండో పక్క, ఈ వరుస నాకు అలవాటు. ఇద్దరుండాలి, ఎందుకంటే పది నిమిషాల్లో సిలికాన్‌కు పొర కడుతుంది. పలకలను గట్టిగా నొక్కి సిలికాన్ అంతా బయటికి కక్కించేయకండి. మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర మిగలాలి, సాగి ఒత్తిడిని తట్టుకునేది అదే. అద్దం అద్దాన్ని తాకితే ఆ చోట అతుకు లేనట్టే. లోపలి వంపు పూత చివర్లో, ఒకే లాగుడులో. అంచులకు వేసిన టేపును పొర కట్టకముందే పీకేయాలి.

తర్వాత వారం రోజులు దాని జోలికి పోవద్దు. సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, బయటి నుంచి లోపలికి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. పైకి ఆరినట్టుంటుంది గానీ 12 మిల్లీమీటర్ల అంచు లోతున ఇంకా పచ్చిగానే ఉంటుంది. దగ్గర వాసన చూస్తే ఇంకా పుల్లగా తగులుతుంటే ఆగండి.

నీళ్లు నింపి చూడటం కొత్త స్టాండు మీద, వీలైతే ఆరుబయటో బాల్కనీలోనో కాకుండా మోరీ దగ్గరగా ఉండే నేలమీద. మొదటి రోజు మూడో వంతు, రెండో రోజు మరో వంతు, మూడో రోజు నిండా. అడుగు చుట్టూ పాత వార్తాపత్రిక పరవండి, చుక్క పడితే మరక చెబుతుంది. నిండాక మూడు నాలుగు రోజులు అలాగే ఉంచి, ముందు అద్దం మధ్యలో ఎంత ఉబ్బిందో తిన్నని బద్ద పెట్టి రోజూ కొలవండి. మొదటి రోజు కొంచెం ఉబ్బుతుంది, అక్కడితో ఆగాలి. రోజురోజుకూ పెరుగుతుంటే ఖాళీ చేసేయండి.

ఇంత చాదస్తం ఎందుకంటే, బెర్లిన్‌లోని ఆక్వాడోమ్‌ను గుర్తు చేసుకోండి. పది లక్షల లీటర్ల ఆ గుండ్రటి ట్యాంకును ఖాళీ చేసి, బాగుచేసి, తిరిగి నింపిన కొద్ది నెలలకే, 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున పగిలిపోయింది. అది అద్దం కాదు, ఆక్రిలిక్. నిపుణుడు ఇదీ కారణమని ఒక్కదాన్ని తేల్చలేకపోయాడు. అతుకు వదలడం, మరమ్మతులో అడుగున పడ్డ గాటు, ఖాళీగా ఉన్నప్పుడు పదార్థం ఎండిపోవడం, వీటిలో ఏదైనా కావొచ్చన్నాడు. మన ట్యాంకులకూ ఖాళీ చేసి తిరిగి నింపడమే అసలు పరీక్ష. ఏళ్ల తరబడి నీళ్లతో ఉన్నప్పుడు రాని లీకులు నెల రోజులు ఎండబెట్టి నింపితే వస్తాయి.

తిరిగి వదలడం

పాత ఇసుక గురించి అందరూ పొరబడతారు. పన్నెండేళ్ల ఇసుకను కదిపితే లోపల ఇరుక్కున్న మురికంతా లేస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. పై పొర ఒక మగ్గు తీసుకుని పాత నీళ్లలో జాడించి దాచండి, మిగతాది పారేయండి. కొత్త ఇసుకను నీరు తేటగా వచ్చేదాకా కడగండి. పెద్ద రాళ్లను ఇసుక మీద కాకుండా ముందే అడుగున సర్ది, చుట్టూ ఇసుక పోయండి. ప్లెకో కింద తవ్వితే ఇసుక మీది రాయి ఒరిగి అద్దాన్ని కొడుతుంది.

తాత్కాలిక తొట్టి నీళ్లు సగం దాకా వాడుకోవచ్చు. కానీ చేపల్ని వదిలేముందు రెండు నీళ్ల పీహెచ్, వేడి కొలిచి చూడండి. తేడా ఉంటే సన్నని గొట్టంతో గంటా రెండు గంటలు చుక్కచుక్కగా కలుపుతూ అలవాటు చేయండి. ఫిల్టరు తొట్టిలో తిరుగుతూనే ఉంది కాబట్టి చేపలతో పాటే అదీ ఒకే పూటలో మారాలి. మొదటి వారం మేత రోజు విడిచి రోజు చాలు, అమ్మోనియా, నైట్రైట్ రోజూ చూడండి. రెండూ వారం పాటు సున్నా దగ్గర నిలిస్తే మామూలు మేతకు రావచ్చు. తొట్లను ఆ వారం కూడా ఖాళీగా పక్కనే ఉంచండి, అప్పుడే అటక ఎక్కించకండి.

ఇక తలుపుల సంగతి. అవి గట్టి చెక్కవైతే భేషుగ్గా వాడుకోండి. ఇనుప చట్రం ఉంటే వాటి మీద ఏ భారమూ పడదు. చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, ఎత్తి తీసేయగలిగే కీళ్లు పెట్టించండి, సంపు శుభ్రం చేసే రోజు తలుపు ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. పైనా కిందా గాలి ఆడే చీలికలు ఉంచండి, లేకపోతే లోపల ఆవిరి నిలిచి కీళ్లు తుప్పుపడతాయి. పాత రంగు గీకేటప్పుడు తలుపు అడుగు అంచును తిరగేసి చూడండి. అక్కడ ఎవరూ రంగు వేసి ఉండరు. ఇప్పుడు పట్టేస్తున్న తలుపు ఇన్నాళ్లూ నీళ్లు పీల్చింది అక్కడినుంచే అయి ఉంటుంది. బాగా ఆరనిచ్చి, చిత్రిక పట్టి, ఎపాక్సీ పూశాకే బిగించండి.